పోర్షే 911: టైర్ల కొలతలు, సస్పెన్షన్ సవరణ – ఒక పరిశీలనము

కళాశాల వార్షిక సంచికలో తెలుగు శాఖవారు కవిత్వమును గూర్చియో, వ్యాకరణమును గూర్చియో వ్రాయుట పరిపాటి. ఈ పర్యాయము మేము పందెపు బాటపై పరుగెత్తు కార్ల చక్రములను గూర్చి వ్రాయుచున్నామన్నచో పాఠక మహాశయులు కొందరు ఆశ్చర్యపడవచ్చును. ఇందుకొక కారణము గలదు. భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథములో ఘర్షణ సూత్రములను చదివిన ప్రతి విద్యార్థికిని ఒక సందేహము కలుగవలెను. రెండు తలముల నడుమ కలుగు ఘర్షణ బలము అవి ఒకదానినొకటి తాకు వైశాల్యముపై ఆధారపడదని ఆ గ్రంథము చెప్పుచున్నది. 1699లో ఫ్రాన్సు దేశీయుడగు అమోంతోన్ ప్రకటించిన సూత్రమిదియే. అట్లయినచో పందెపు కార్లకు అంతంత వెడల్పయిన టైర్లు ఏల? అవి బరువు, వాని వెల అధికము, గాలిని చీల్చుకొని పోవుటకు అవి అడ్డు. అయినను ప్రపంచములోని ఏ పందెపు కారును చూచినను వెడల్పు టైర్లే కానవచ్చును. సూత్రము తప్పా? లేక కార్లను నిర్మించువారు తప్పా?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు పోయినచో సస్పెన్షన్ అను యంత్రభాగము యొక్క మర్మమంతయు తానే విప్పుకొనును. అందుకు ఉదాహరణముగా మేము జర్మనీ దేశపు పోర్షే 911 అను కారును గైకొనుచున్నాము. ఈ కారు చరిత్ర యనగా ఒక మూలదోషమును టైర్లతోను, స్ప్రింగులతోను, కడ్డీలతోను అరువది సంవత్సరములు సవరించుచు వచ్చిన చరిత్రయే. పరిభాషను గూర్చి ఒక్క మాట. టైరు, స్ప్రింగు, స్టీరింగు మున్నగునవి మన మెకానిక్కుల నోట ఎన్నడో తెలుగు మాటలైనవి. వానికి సంస్కృత సమాసములను కల్పింపబూనుట వృథాశ్రమ యని మా అభిప్రాయము. అవసరమైన చోట మాత్రము ఒకటి రెండు తెలుగు పదములను వాడుదుము.

మొదట కారు నేలను తాకు చోటును చూతము. వేయి కిలోల కారు నాలుగు చక్రములపై సమముగా నిలిచినదనుకొందము. ఒక్కొక్క చక్రముపై 250 కిలోల భారముండును. టైరులోని గాలి పీడనము చదరపు సెంటీమీటరుకు 2 కిలోలయినచో, ఆ భారమును మోయుటకు కావలసిన తాకుడు వైశాల్యము సుమారు 125 చదరపు సెంటీమీటర్లు. పెద్దవాని అరచేయి వ్రేళ్లతో కలిపి ఇంతకు కొంచె మెక్కువయే యుండును. అనగా గంటకు 200 కిలోమీటర్ల వేగముతో పోవు కారును, అందులోని మనిషి ప్రాణమును నేలకు పట్టియుంచునవి నాలుగు అరచేతులంత రబ్బరు ముక్కలు. ఈ తాకుడు చోటును మనము టైరు పాదమని పిలుచుకొందము.

ఇచట ఒక విశేషమును గమనింపవలెను. గాలి పీడనము మారనంతవరకు టైరు ఎంత వెడల్పయినను పాదము వైశాల్యము పెద్దగా మారదు. మారునది ఆకారము. సన్నని టైరు పాదము పొడవుగా, మన పాదము వలెనే, ప్రయాణ దిశలో సాగియుండును. వెడల్పు టైరు పాదము పొట్టిగా, అడ్డముగా పరచుకొనియుండును. కాబట్టి వెడల్పు టైరు వలన నేలను తాకు రబ్బరు రెట్టింపగుననుట సామాన్యముగా వినవచ్చు పొరపాటు. దాని మేలు వేరొక చోట నున్నది.

రబ్బరు ఇనుము వంటిది కాదు, కర్ర వంటిది కాదు. అది రోడ్డుపై గల గరుకు కణముల నడుమకు చొచ్చుకొనిపోయి పట్టు సంపాదించును. భారము పెరిగిన కొలది పట్టు పెరుగుట నిజమే. కాని అదే నిష్పత్తిలో పెరుగదు. అమోంతోన్ సూత్రము ఇచటనే సడలుచున్నది. ఉదాహరణకై మేము కొన్ని అంకెలను ఊహించుచున్నాము. ఇవి ఏ కంపెనీ టైరుకును చెందినవి కావు. ఒక టైరుపై 300 కిలోల భారమున్నపుడు అది 300 కిలోల పక్కపట్టు నిచ్చుననుకొందము. 450 కిలోలున్నపుడు 450 ఇయ్యవలసినది 414 మాత్రమే యిచ్చును. భారము 150కి తగ్గినచో 157 ఇచ్చును. ఇపుడు ఒకే ఇరుసుపై గల రెండు టైర్లను చూడుడు. రెంటిపై చెరి 300 కిలోలున్నపుడు మొత్తము పట్టు 600. ఒకదానిపై 450, రెండవదానిపై 150 ఉన్నపుడు మొత్తము పట్టు 571. భారము మొత్తము మారలేదు, పంపకము మారినది, పట్టు తగ్గినది. విద్యార్థులు ఈ ఒక్క లెక్కను మనసున నిలుపుకొన్నచో మిగిలిన వ్యాసమంతయు సులభమగును.

భారపు పంపకము ఏల మారును? బస్సులో నిలుచుండి ప్రయాణము చేయువారికి దీనిని వివరింపనక్కరలేదు. బస్సు కుడివైపు మలుపు తిరిగినపుడు మన శరీరభారమంతయు ఎడమ కాలిపైకి వచ్చును, కుడికాలు తేలికయగును. కారునకును అంతియే. మలుపులో వెలుపలి చక్రములపైకి భారము మరలును. ఎంత మరలునో కనుగొనుటకు సూత్రము మిక్కిలి సులభము. కారు బరువును పక్కత్వరణముతోను, గురుత్వకేంద్రపు ఎత్తుతోను గుణించి, ఎడమ కుడి చక్రముల నడిమి దూరముచే భాగింపవలెను. వేయి కిలోల కారు, అర మీటరు ఎత్తున గురుత్వకేంద్రము, చక్రముల నడుమ 1.4 మీటర్ల దూరము, గురుత్వాకర్షణలో పదింట తొమ్మిదివంతుల పక్కత్వరణము అనుకొన్నచో 321 కిలోలు వచ్చును. అనగా 500 కిలోలు మోయవలసిన వెలుపలి ప్రక్క 821 మోయును. లోపలి ప్రక్క 179 మాత్రమే మిగులును.

ఈ సూత్రములో స్ప్రింగుల ప్రసక్తి లేదని సావధానులైన పాఠకులు గుర్తించియుందురు. సరిగా ఇదియే కీలకము. గట్టి స్ప్రింగులు వేసినచో కారు ఒరుగుట తగ్గును; ఒరుగుట తగ్గినది గనుక భారము మరలుటయు తగ్గినదని చాలమంది తలంతురు. అది భ్రమ. మరలు భారము దాదాపు అంతియే యుండును. దానిని తగ్గింపవలెనన్నచో కారును నేలకు దగ్గరగా దించవలెను, లేదా చక్రములను ఎడముగా నుంచవలెను, లేదా బరువు తగ్గింపవలెను. మరి స్ప్రింగులు, ఎడమ కుడి చక్రములను కలుపు యాంటీ రోల్ బార్ అను ఉక్కుకడ్డీ చేయు పనియేమి? అవి ఆ 321 కిలోలలో ముందు ఇరుసు ఎంత భరింపవలెను, వెనుక ఇరుసు ఎంత భరింపవలెను అని పంచును. ఏ ఇరుసును గట్టి చేయుదుమో ఆ ఇరుసుపై గల రెండు టైర్ల నడుమ భారభేదము పెరుగును; పైన చెప్పిన లెక్క ప్రకారము ఆ ఇరుసు పట్టు తగ్గును. అందుచే ముందు కడ్డీని లావు చేసినచో ముందు పట్టు తగ్గి వెనుక పట్టు పెరుగును. కొత్తవారికి ఇది తలక్రిందులుగా తోచును. గట్టితనము పట్టునకు శత్రువా యని వారు ప్రశ్నింతురు. ఒక ఇరుసునకు శత్రువై రెండవ ఇరుసునకు మిత్రమగునని మా సమాధానము.

ఇక మలుపులో టైరు ప్రవర్తన. చక్రము చూచు దిశకును, అది నిజముగా పోవు దిశకును నడుమ చిన్న కోణముండును. దీనిని జారుకోణమందుము. ఈ కోణమున్ననే టైరు పక్కబలము నిచ్చును. కోణము పెరిగిన కొలది బలము పెరిగి, కొన్ని డిగ్రీలు దాటిన పిదప శిఖరమునకు చేరి, తరువాత తగ్గనారంభించును. ముందు చక్రముల జారుకోణము ఎక్కువయినచో కారు మలుపు వెలుపలికి నెట్టుకొనిపోవును. దీనిని అండర్‌స్టీర్ అందురు. వెనుక చక్రముల జారుకోణము ఎక్కువయినచో తోక వెలుపలికి తిరుగును, ఇది ఓవర్‌స్టీర్. రోల్స్ రాయిస్ నుండి 1930లో అమెరికాలోని క్యాడిలాక్ సంస్థకు వెళ్లిన మారిస్ ఓలీ అను ఇంజనీరు ఈ విషయమును శాస్త్రీయముగా పరిశీలించినవారిలో ముఖ్యుడు. సామాన్యుడు నడుపు కారునకు కొంత అండర్‌స్టీర్ ఉండుట క్షేమము. భయపడినవాడు సహజముగా యాక్సిలరేటరు నుండి కాలు తీయును, స్టీరింగు మరింత త్రిప్పును. అండర్‌స్టీర్ గల కారు ఆ రెంటికిని లొంగును. ఓవర్‌స్టీర్ గల కారు ఆ రెంటికిని ఎదురు తిరుగును.

ఇపుడు మన ఉదాహరణమునకు వత్తము. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 901 అను పేర ఈ కారు తొలిసారి కనబడినది. నడుమ సున్న గల మూడంకెల పేరు తమదని ప్యూజో కంపెనీ అభ్యంతరము తెలుపగా 911 అయినది. ఆకృతి ఫెర్డినాండ్ అలెగ్జాండర్ పోర్షేది. దాని ఇంజను ఆరు సిలిండర్లు గలది, గాలిచే చల్లబడునది. అది వెనుక ఇరుసునకు ఆవల వ్రేలాడుచుండును. కారు బరువులో సుమారు 41 వంతులు ముందు, 59 వంతులు వెనుక. ఎడ్లబండి తోలినవారికి దీని కష్టము వెంటనే తెలియును. బస్తాలన్నియు ఇరుసు వెనుకకు చేర్చి వేసినచో కాడి పైకి లేచి ఎడ్ల మెడకు ఆనదు. బండి చెప్పినట్లు వినదు. బాణమునకు ములికి ముందుండుటయందును ఒక కారణము గలదు. బరువైన కొన ముందున్న వస్తువు తిన్నగా పోవును. వెనుకనున్నచో అది ముందునకు రాజూచును.

తొలి 911 నాలుగు చక్రములకును ఒకే కొలత టైర్లు, 165 హెచ్.ఆర్. 15, నాలుగున్నర అంగుళముల రిమ్ముపై నుండెను. మలుపులో ముందు వెనుక ఇరుసులు ఇయ్యవలసిన పక్కబలము వాని బరువుల నిష్పత్తిలోనే యుండును. అనగా వెనుక టైర్లు 59 వంతులు మోయవలెను. భారమెక్కువైన టైరు నిష్పత్తిలో తక్కువ పట్టు నిచ్చునని చూచితిమి గదా. అదే టైరుతో అధిక బలము రావలెనన్నచో జారుకోణము పెరుగవలెను. వెనుక జారుకోణము పెరుగుటయనగా ఓవర్‌స్టీర్. ఇది ఒక సంకటము. రెండవది మరింత ప్రమాదకరము. మలుపు నడుమ నడుపువాడు వెరచి యాక్సిలరేటరు నుండి కాలు తీసినచో కారు వేగము తగ్గి, భారము వెనుకనుండి ముందునకు మరలును. ఇరుసుల నడిమి దూరము 2211 మిల్లీమీటర్లు మాత్రమే గనుక స్వల్పమైన వేగపు తగ్గుదలకును 40, 50 కిలోలు వెనుక ఇరుసును విడిచిపోవును. ఆ క్షణముననే ఇంజను వెనుక చక్రములను వెనుకకు బిగబట్టుచుండును. దానికి తోడు ఆ కాలపు వెనుక సస్పెన్షన్ చేతుల అమరిక వలన చక్రము ముందు కొన కొంచెము వెలుపలికి తిరుగును. ఈ మూడును ఒక్కసారి కూడినపుడు తోక తిరిగిపోవును. వెనుక కొన యందు ఇంజను బరువున్నది గనుక ఒకసారి తిరుగ నారంభించినది తేలికగా ఆగదు. యాక్సిలరేటరు నుండి కాలు తీయుటయే సురక్షితమని ఎరిగినవానికి ఈ కారులో అదియే అపాయము.

కంపెనీవారు చేసిన తొలి చికిత్స మొరటుగా నుండెను. ముందు బంపరు రెండు మూలలందు ఒక్కొక్కటి సుమారు 11 కిలోల ఇనుప దిమ్మలను దాచిరి! పల్లెలో బండి ముందు బరువు చాలనపుడు ఎవరినైన నొగపై కూర్చుండబెట్టుట వంటిదే ఇది. 1969 నమూనాలో చేసిన మార్పు ఇంతకంటె తెలివైనది. ఇంజనును కదల్పకయే వెనుక చక్రములను 57 మిల్లీమీటర్లు వెనుకకు జరిపిరి. ఇరుసుల నడిమి దూరము 2268 అయినది. ఇంజను బరువు ఇరుసునకు చేరువైనది. బ్యాటరీని రెండుగా విభజించి ముందు మూలలందు ఒక్కొక్కటి నుంచిరి. ఇనుప దిమ్మలు చేసిన పనినే ఇవి చేసినవి, అదియు ఊరక కూర్చుండక.

అసలు విద్య 1972 అక్టోబరులో ప్యారిస్ ప్రదర్శనయందు కనబడిన కరేరా ఆర్.ఎస్. 2.7 అను నమూనాలో బయటపడినది. పందెములకు అర్హత పొందుటకు 500 కార్లు చేయవలసియుండగా గిరాకీ వలన సుమారు 1,580 చేసిరి. ఇంజను శక్తి 210 అశ్వబలములు. దాని టైర్ల కొలతలను విద్యార్థులతో కలిసి చదువుదము. ముందు 185/70 వి.ఆర్. 15, ఆరంగుళముల రిమ్ముపై. వెనుక 215/60 వి.ఆర్. 15, ఏడంగుళముల రిమ్ముపై. మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. గీత తరువాతి అంకె టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికెన్ని వంతులో చెప్పును. చివరి అంకె రిమ్ము వ్యాసము, అంగుళములలో. వి అను అక్షరము ఆ కాలమున గంటకు 210 కిలోమీటర్లకు మించిన వేగమునకు తగినదని సూచించును.

ఇపుడు లెక్క వేయుదము. ముందు టైరు పక్కగోడ 185లో 70 వంతులు, అనగా 129.5 మిల్లీమీటర్లు. క్రిందను, మీదను రెండు గోడలు గనుక 259. పదునైదంగుళములు 381 మిల్లీమీటర్లు. మొత్తము వ్యాసము 640. వెనుక టైరు పక్కగోడ 215లో 60 వంతులు, అనగా 129, రెండు గోడలు 258, మొత్తము 639. వెడల్పులో 30 మిల్లీమీటర్ల భేదమున్నను ఎత్తులో భేదము ఒక్క మిల్లీమీటరు! ఆ నిష్పత్తి అంకెలు 70, 60 అని వేరువేరుగా నుండుటలోని రహస్యమిది. టైరు వెడల్పును మార్చి నిష్పత్తిని మార్చకున్నచో చక్రము పెద్దదై గేర్ల లెక్కలు, వేగమాపకము, కారు నిలుచు ఎత్తు అన్నియు చెడును. మన ఊళ్లలో కారునకు లావు టైర్లు వేయించుకొను ఉత్సాహవంతులు ఈ చిన్న గుణకారమును కాగితముపై చేసి చూచుకొన్నచో ఎంతయో డబ్బు మిగులును.

వెనుక వెడల్పు టైర్ల వలన కలిగినదేమి? అంతే భారమును పొట్టి, వెడల్పు పాదముపై మోయుట చేతను, పక్కగోడ పొట్టిదై తక్కువ వంగుట చేతను, వెనుక టైరు అదే బలమును తక్కువ జారుకోణములో ఇయ్యగలిగెను. రబ్బరు ఎక్కువ వెడల్పున పరచుకొనుటచే వేడియు పంచబడెను. ముందు టైరు సన్నముగా నుండుటయు ఉద్దేశపూర్వకమే. ముందు పట్టు వెనుక పట్టును మించరాదు. కారు వెనుక మూతపై బాతు తోకవలె లేచిన రేకు గాలి వలన వెనుక భాగము తేలికపడుటను తగ్గించెను. కాని అది అధికవేగమున మాత్రమే పనిచేయును, నెమ్మది మలుపులలో టైర్లే దిక్కు.

పందెపు బాటపై 911ల ఛాయాచిత్రములను చూచినవారికి ఒక దృశ్యము పరిచితమే. మలుపు లోపలి ముందు చక్రము నేలను విడిచి గాలిలో లేచియుండును. చూచువారు కారు బోల్తాపడుచున్నదని భయపడుదురు. నిజమునకు అది సవరణ ఫలితము. ముందు ఉక్కుకడ్డీని గట్టిచేసి, మరలు భారములో అధికభాగమును ముందు ఇరుసుపై వేసిరి. ముందు ఇరుసు తేలికయైనది గనుక దాని లోపలి చక్రముపై భారము పూర్తిగా హరించి అది లేచినది. అందుచే వెనుక రెండు టైర్ల నడుమ భారభేదము తగ్గి, ఇంజను బలమును నేలకు చేర్చవలసిన చోట పట్టు మిగిలినది. ముందు కొంత నష్టపోయి వెనుక లాభపడుట ఇది.

కాలు తీసినపుడు వెనుక చక్రము వెలుపలికి తిరుగు దోషమునకు మందు 1977లో వచ్చిన 928 అను మరొక పోర్షే కారులో దొరికినది. సంస్థ పరిశోధనాలయమున్న గ్రామము పేర దానిని వైసాఖ్ ఇరుసు అందురు. వేగము తగ్గునపుడు చక్రము ముందు కొన లోపలికే తిరుగునట్లు సస్పెన్షన్ కీళ్లను అమర్చిరి. 1993లో వచ్చిన 993 నమూనా నుండి 911నకును పలు కడ్డీల వెనుక సస్పెన్షన్ లభించినది.

ఇంతవరకు చెప్పినది నిర్మాతల విద్య. బాటపై కారును సవరించువాని పని వేరు. అతనికి కారు వచ్చినది వచ్చినట్లుండును. జర్మనీలో 1927లో తెరువబడిన నూర్బుర్గ్‌రింగ్ ఉత్తరపు చుట్టు వంటి 20.8 కిలోమీటర్ల కొండబాటపైనను, మన చెన్నై దాపున ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుండి నడుచుచున్న 3.7 కిలోమీటర్ల బాటపైనను అతడు చేయదగినవి కొన్నియే. అందులో మొదటిది, చౌకయైనది, అతి ముఖ్యమైనది గాలి. పాత 911లకు రోడ్డుపై ముందు 29, వెనుక 34 పౌండ్లు అని సుమారు లెక్క. వెనుక పీడనము హెచ్చుగా నుండుట అచటి భారమునకు తగినట్లే. కాని పరుగు మొదలైన పిదప టైరు వేడెక్కి ఆ అంకె మారిపోవును. దీనిని వాయు సూత్రముతో లెక్కింపవచ్చును. 25 డిగ్రీల వద్ద 28 పౌండ్లు నింపితిమనుకొందము. వాతావరణ పీడనము 14.7 కలిపినచో 42.7. లోపలి గాలి 70 డిగ్రీలకు చేరినపుడు, కెల్విన్‌లో 298 నుండి 343కు, పీడనము 49.1 అగును, 14.7 తీసివేయగా 34.4. అనగా ఆరు పౌండ్లకు పైగా పెరిగినది. అందుచే అనుభవజ్ఞులు చల్లని టైరులో తక్కువ నింపి, నాలుగైదు చుట్ల తరువాత వేడి టైరులోని పీడనమునే ప్రమాణముగా గొందురు. ఉదయపు చలిలో నింపిన అంకెయు, మద్రాసు మధ్యాహ్నపు ఎండలో నింపిన అంకెయు ఒకటి కావు. చల్లని అంకెను చెప్పునపుడు ఎన్ని డిగ్రీల వద్ద నింపితిరో చెప్పకున్నచో ఆ అంకెకు అర్థము లేదు.

తరువాతిది చక్రపు వాలు, క్యాంబర్ అందురు. కారు ఒరిగినపుడు వెలుపలి చక్రము పైభాగము వెలుపలికి వాలి, పాదము బయటి అంచుపై మాత్రమే నిలుచును. దీనిని ముందుగనే ఊహించి చక్రముల తలలను లోపలికి వాల్చియుంతురు. రోడ్డు కార్లకు ఒక డిగ్రీలోపు, బాటపై రెండు మూడు డిగ్రీలు. ఎంత వాల్చవలెనో టైరే చెప్పును. చుట్లు ముగించి కారు ఆగిన వెంటనే సూది ఉష్ణమాపకముతో టైరు లోపలి అంచు, నడుమ, బయటి అంచుల వేడిని కొలుతురు. బయటి అంచు మిక్కిలి వేడిగా నున్నచో వాలు చాలలేదు. లోపలి అంచు మిక్కిలి వేడిగా నున్నచో వాలు మితిమీరినది. నడుమ మాత్రమే వేడిగా నున్నచో గాలి ఎక్కువ. రెండంచులు వేడిగానుండి నడుమ చల్లగా నున్నచో గాలి తక్కువ. నాడి చూచి రోగము చెప్పు హకీము పని వంటిది ఈ పని. అందుచే ఆలస్యము పనికిరాదు, నిమిషము గడచినచో నాడి మారును.

ఎత్తు తగ్గించుటను గూర్చి ఒక హెచ్చరిక. కారును దించినచో గురుత్వకేంద్రము దిగును, మేలే. కాని నిలువు కంబము వంటి సస్పెన్షన్ గల కార్లలో, పాత 911 ముందు భాగము అట్టిదే, కారు ఒక అంగుళము దిగినచో అది ఒరుగు కేంద్రము అంతకంటె ఎక్కువ దిగిపోవును. రెంటి నడుమ ఎడము పెరిగి కారు మునుపటికంటె ఎక్కువ ఒరుగజూచును. స్టీరింగు కడ్డీల కోణములు చెడి ప్రతి కుదుపునకును చక్రము తనంతట తాను తిరుగును. స్ప్రింగులను కోయించి కారును నేలకు ఆనించువారు ఈ రెండు దోషములను డబ్బిచ్చి కొనుచున్నారు. వానకాలమున వెడల్పు టైరు నీటిని చీల్చలేక దానిపై తేలును. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, నిర్మాత నిర్దేశించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. బాట వేరు, బజారు వేరు. బాటపై ఎదురుగా ఎడ్లబండి రాదు, పాఠశాల పిల్లలు దాటరు. బాటకై చేసిన సవరణ రోడ్డున కొరగాదని చట్టముకంటె ముందే టైరు చెప్పుచున్నది. తగిన వేడి రానిదే పందెపు రబ్బరు పట్టదు. ఆ వేడి రోడ్డు వేగములలో రాదు.

డ్యాంపర్లను గూర్చి విస్తరింపము. అవి భారము ఎంత మరలునో నిర్ణయింపవు, ఎంత త్వరగా మరలునో నిర్ణయించును. కాలు తీసినపుడు తోక తిరుగు మన 911లో వెనుక భాగము లేచు వేగమును ఇవి తగ్గించి నడుపువానికి అరక్షణము వ్యవధి నిచ్చును. ఆ అరక్షణమే కొన్నిసార్లు చాలును.

హైదరాబాదు వాసులకు ఈ విద్య ఒక్కసారి ఇంటి ముంగిటికే వచ్చినది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగరు తీరమున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెము జరిగినది. అందు అన్ని జట్లకును ఒకే కంపెనీ, హాంకూక్, ఒకే రకపు టైర్ల నిచ్చినది. టైరు కొలతను మార్చు స్వాతంత్ర్యము ఎవరికిని లేదు. కాబట్టి గాలి, వాలు, స్ప్రింగు, కడ్డీ, ఎత్తు అను వానిలోనే ఒకరినొకరు మించవలసి వచ్చినది. నిత్యము బస్సులు, ఆటోలు తిరుగు రోడ్డుపై ఆ పని చేయుట నునుపైన బాటపై చేయుటకంటె కష్టము. గట్టిగా బిగించిన కారు ప్రతి గతుకునకును ఎగిరిపడును, ఎగిరిన టైరునకు పట్టు లేదు.

సవరించువారి పద్ధతిలో మమ్ము మిక్కిలి ఆకర్షించినది ఒకటి గలదు. వారు ఒక్క పర్యాయము ఒక్కదానినే మార్తురు. గాలిని, కడ్డీని ఒకేసారి మార్చినచో దేనివలన మేలు కలిగెనో తెలియదు. ప్రతి మార్పును, బాట వేడిని, చుట్టునకు పట్టిన కాలమును పుస్తకమున వ్రాసికొందురు. మార్పు తరువాత పాత అమరికకు మరల వచ్చి మరియొక పర్యాయము పరీక్షింతురు, ఏలయన మొదటి మేలు బాట ఎండినందువలన కలిగినదై యుండవచ్చును. మన ప్రయోగశాలలందు విద్యార్థులు అంకెలను ముందే తెలిసికొని పట్టికను నింపు పద్ధతికిని దీనికిని గల దూరమును ఇచట చెప్పనవసరము లేదు.

2021లో వెలువడిన 911 జి.టి.3 అను నమూనాకు ముందు 255/35, ఇరువది అంగుళముల రిమ్ము. వెనుక 315/30, ఇరువదియొక్క అంగుళముల రిమ్ము. పై పద్ధతిలో లెక్కించినచో ముందు చక్రము వ్యాసము సుమారు 686 మిల్లీమీటర్లు, వెనుకది 722. 1973 నాటి సమానత్వము పోయి వెనుక చక్రమే పెద్దదైనది. ముందు సస్పెన్షన్ కంబము పద్ధతిని విడిచి రెండు చేతుల పద్ధతికి మారినది. వెనుక చక్రములు సైతము కొన్ని డిగ్రీలు తిరుగును. ఇంజను మాత్రము అరువది సంవత్సరములనాటి వలెనే వెనుక ఇరుసునకు ఆవలనే యున్నది.